శలభాల స్పర్శశృంగాలపై మొక్కల వాసనలను పరీక్షించబోతున్న శిష్యురాలికి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. శనగపచ్చ పురుగు ఆడ శలభాల స్పర్శశృంగాలు (తల మీది మీసాలు) మొక్కల వాసన సమ్మేళనాలకు ఎలా ప్రతిస్పందిస్తాయో వాటిలో పుట్టే విద్యుత్ మార్పును తెర మీద గీతగా చూపే ఎలక్ట్రోయాంటెనోగ్రామ్ పద్ధతిలో పరీక్షించబోతున్నావనీ, పరికరం వచ్చి చేరిందనీ, ఏ సమ్మేళనాలతో మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. సమ్మేళనాల సంగతి కాసేపట్లో చెబుతాను. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. తెర మీద గీత కిందికి వంగినప్పుడు అది నీకు ఏమి చెబుతున్నట్టు, ఏమి చెప్పనట్టు? ఈ పద్ధతిలో గీతను రాబట్టడం కొద్ది వారాల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. ఆ గీతకు అర్థం చెప్పే దగ్గరే పనులు చెడతాయి.

ఈ పద్ధతికి మూలపురుషుడు డీట్రిష్ ష్నైడర్. ఆయన 1957లో పట్టు శలభం స్పర్శశృంగం నుంచి మొదటిసారి ఇలాంటి విద్యుత్ సంకేతాన్ని నమోదు చేశాడు. అప్పటికి ఆడ పట్టు శలభం వెదజల్లే ఆకర్షక పదార్థం రసాయనికంగా ఏమిటో ఎవరికీ తెలియదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త బ్యూటెనాంట్ బృందం సుమారు 5 లక్షల ఆడ శలభాల గ్రంథుల నుంచి దాన్ని వేరుచేసి 1959లో బాంబికోల్ అని ప్రకటించింది. అంటే వాసన పదార్థం పేరు తెలియకముందే దాన్ని పసిగట్టే అవయవం నుంచి సంకేతం అందింది. ఈ పద్ధతి బలం అదే. ఏ పదార్థానికి స్పందించిందో ముందుగా తెలియకపోయినా, స్పందించిన మాట నిజమని అవయవమే చెబుతుంది.

ఆ సంకేతం పుట్టే తీరును మనసులో స్పష్టంగా ఉంచుకో. స్పర్శశృంగం నిండా సెన్సిల్లాలు అనే సన్నని రోమాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి గోడల్లో అతి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. గాలిలో వచ్చిన వాసన అణువు రోమం పైపొర మీది మైనపు పూతకు అంటుకుని, రంధ్రం గుండా లోపలికి జారి, అక్కడి ద్రవంలోకి దిగుతుంది. ఈ అణువుల్లో చాలామటుకు నీటిలో సరిగా కరగనివి కాబట్టి వాసన బంధక ప్రోటీన్లు వాటిని నాడీకణపు పొర దాకా చేరవేస్తాయని భావిస్తున్నాం. ఆ ప్రోటీన్లను 1981లో మొదటిసారి గుర్తించింది కూడా ఒక శలభంలోనే. నాడీకణపు పొరలో ఒక్కో రకం వాసనకు తగిన గ్రాహకం, ఓర్కో అనే సహగ్రాహకంతో జతకట్టి, అయాన్ల ద్వారంగా పనిచేస్తుంది. అణువు తగలగానే ద్వారం తెరుచుకుంటుంది, ధనావేశం లోపలికి ప్రవహిస్తుంది, ఆ రోమంలో విద్యుత్ పీడనం మారుతుంది. ఆమ్లాలకూ అమైన్లకూ స్పందించే గ్రాహకాల కుటుంబం వేరే ఉంది కానీ, నీవు ఎంచుకోబోయే సమ్మేళనాల్లో అధికభాగం మొదటి కుటుంబానివే.

నీ ఎలక్ట్రోడ్లకు అందేది ఒక్క కణం మాట కాదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న రోమాలన్నిటిలో ఒకేసారి కలిగిన మార్పుల మొత్తం, మొదలుతో పోలిస్తే కొన వైపు ఋణాత్మకమైన వంపుగా కనిపిస్తుంది. మొక్కల వాసనలకు ఆ వంపు సాధారణంగా మిల్లీవోల్టులో కొంత భాగం నుంచి ఒకటి రెండు మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. ఊరి బయట నిలబడి సంత గోలను వినడం లాంటిది ఇది. గోల ఎంత పెద్దదో తెలుస్తుంది గానీ ఎవరు ఏమి బేరమాడుతున్నారో తెలియదు. ఒక సమ్మేళనానికి పెద్ద వంపు వచ్చిందంటే దానికి స్పందించే నాడీకణాలు ఎక్కువగా ఉన్నాయని అర్థం కావచ్చు, లేదా ఆ కొద్ది కణాలే గట్టిగా స్పందించాయని కావచ్చు. చిన్న వంపు వచ్చిన సమ్మేళనం శలభానికి పనికిరానిదని అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు. కొద్దిపాటి కణాలు, ఒకే ఒక సమ్మేళనానికి అతి సున్నితంగా శ్రుతి చేసినట్టు ఉండి, శలభం గుడ్లు పెట్టే చోటును నిర్ణయించే సందర్భాలు ఉంటాయి. అలాంటి కణాల సంకేతం ఈ మొత్తంలో మునిగిపోతుంది. వాటిని విడిగా వినాలంటే సన్నని టంగ్‌స్టన్ సూదితో ఒక్కో రోమం నుంచి నమోదు చేసే పద్ధతికి పోవలసిందే.

ఇక సమ్మేళనాల విషయం. మూడు వర్గాల నుంచి కొన్నికొన్ని తీసుకో. ఆకు నలిగినప్పుడు లినొలెనిక్ ఆమ్లం విరిగి పుట్టే ఆరు కార్బన్ల పచ్చి వాసనలు మొదటివి. వీటిలో సిస్-3-హెక్సెనోల్, దాని ఎసిటేట్, ట్రాన్స్-2-హెక్సెనాల్ అనే ఆల్డిహైడ్ తప్పక ఉండాలి. మొక్కల సుగంధ తైలాల్లో ఉండే టెర్పీన్ల నుంచి లినలూల్, బీటా-ఓసిమీన్, బీటా-కారియోఫిల్లీన్ చాలు. పూల వాసనల్లోని బెంజీన్ వలయపు సమ్మేళనాల్లో ఫినైల్ ఎసిటాల్డిహైడ్‌ను వదలకు. నీ శలభాన్ని పూల వాసనతో రప్పించే ఎరల్లో దానికి పాత స్థానముంది. దానితో పాటు బెంజాల్డిహైడ్, మిథైల్ సాలిసిలేట్ తీసుకో. ముప్పై సీసాలతో మొదలుపెట్టి ఏ ఒక్కదాన్నీ సరిగా కొలవకపోవడం కంటే తొమ్మిది పది సీసాలను అన్ని మోతాదుల్లోనూ నిక్కచ్చిగా కొలవడం మేలు.

సీసా మీద రాసిన శుద్ధతను నమ్మే ముందు, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో నీవే ఒకసారి చూసుకో. నూటికి తొంభై అయిదు పాళ్లు శుద్ధమన్న సీసాలో మిగిలిన అయిదు పాళ్లు మరొక ఐసోమర్ (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపం) కావచ్చు, స్పర్శశృంగం స్పందిస్తున్నది దానికే కావచ్చు. ఆల్డిహైడ్లు గాలి తగిలితే ఆమ్లాలుగా మారిపోతాయి కాబట్టి వాటిని ముదురు రంగు సీసాల్లో, గడ్డకట్టే చలిలో, చిన్న చిన్న భాగాలుగా దాచు. లినలూల్ విషయంలో మరొక మెలిక ఉంది. దానికి కుడిఎడమల అద్దపు రూపాలు రెండున్నాయి, అంగడిలో దొరికేది చాలావరకు రెండింటి మిశ్రమం. పొగాకును తినే మాండ్యూకా సెక్స్టా అనే పెద్ద శలభం ఉమ్మెత్త జాతి మొక్కపై గుడ్లు పెట్టేటప్పుడు ఈ రెండు రూపాలకూ వేరువేరుగా ప్రవర్తిస్తుందని తేలింది. నీ మొక్క ఏ రూపాన్ని విడుదల చేస్తుందో తెలియకుండా మిశ్రమాన్ని ఊది ‘లినలూల్‌కు స్పందన’ అని రాస్తే ఆ మాటలో సగమే నిజమవుతుంది.

స్పర్శశృంగాన్ని అమర్చడంలో చేతివాటం నీకు త్వరలోనే వస్తుంది కనుక క్లుప్తంగా చెబుతాను. ఎలక్ట్రోడ్లుగా పనిచేసే వెండి తీగలను బ్లీచ్ ద్రావణంలో నానబెట్టి, మెరుపు పోయి సమానంగా ముదురు బూడిద రంగుకు తిరిగేదాకా ఉంచు. మచ్చలు మచ్చలుగా పూత పట్టిన తీగతో ఆధారగీత (వాసన ఊదనప్పుడు ఉండే గీత) నిలకడగా ఉండదు. స్పర్శశృంగాన్ని మొదలు దగ్గర పదునైన బ్లేడుతో ఒక్క వేటుకు వేరుచేసి, కొనలో ఒకటి రెండు ఖండాలను తీసేసి, లవణ ద్రావణం నింపిన గాజు కేశనాళికల్లోకి రెండు చివరలనూ జార్చు. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు నాళికలో ఎక్కడా గాలిబుడగ కనిపించకూడదు. విద్యుద్వాహక జెల్ వాడేటట్టయితే చుక్క చాలా చిన్నదిగా ఉండాలి. జెల్ ఖండాల మీదికి పాకితే దాని కింద ఉన్న రోమాలన్నీ మూగబోతాయి. వేరుచేసిన స్పర్శశృంగం నిమిషనిమిషానికీ క్షీణిస్తూనే ఉంటుంది. ఎక్కువ సేపు నమోదు చేయవలసి వస్తే తలతో సహా అమర్చడం మంచిది, కాకపోతే అప్పుడు మొదలులోని కండరాలు కదిలి గీతలో వణుకు పుట్టిస్తాయి. లోహపు జాలీ పంజరమూ, ఒకే బిందువు దగ్గర కలిసే ఎర్తింగూ లేకపోతే కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద నీ సంకేతాన్ని మింగేస్తుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసింది గాలి మీద. బొగ్గు వడపోత గుండా, ఆ పైన నీటి గుండా పోయి తేమ పట్టిన గాలి, స్పర్శశృంగం మీదుగా ఆగకుండా ప్రవహిస్తూ ఉండాలి. పొడి గాలిలో అది కొద్దిసేపటికే ఎండి చచ్చిపోతుంది. వాసనను మోసే గొట్టం గాజుదో స్టీలుదో అయి ఉండాలి. రబ్బరు, మెత్తని ప్లాస్టిక్ గొట్టాలు టెర్పీన్లను పీల్చుకుని, తరువాత గంటల తరబడి కొద్దికొద్దిగా విడుస్తాయి. ఊదిన వాసన గదిలో తిరుగాడకుండా స్పర్శశృంగం వెనుక నుంచి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. ఇక వాసనను ఊదిన అర సెకను పాటు గాలి వేగం పెరిగితే, స్పర్శశృంగం మీద ఉన్న స్పర్శ గ్రాహకాలు ఆ తోపుకు కూడా స్పందిస్తాయి. కనుక వాసన గాలి తెరుచుకున్న క్షణంలోనే అంతే పరిమాణంలో మామూలు గాలి మూసుకునేటట్టు సరిచేసే ప్రవాహాన్ని అమర్చు. అది సరిగా ఉందో లేదో తెలుసుకునే దారి సులువు. ఏమీ వేయని కాగితంతో ఊది చూడు. అప్పుడు గీత దాదాపు కదలకుండా ఉంటేనే ముందుకు సాగు.

మోతాదు విషయంలో ఈ రంగంలో వచ్చే పత్రాల్లో సగానికి సగం నన్ను తృప్తిపరచవు, అందుకే కొంచెం విస్తరిస్తాను. అందరూ చేసేది ఇదే. మైక్రోలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున ఉన్న ద్రావణాన్ని 10 మైక్రోలీటర్లు ఫిల్టర్ కాగితం ముక్క మీద వేసి, గాజు పిపెట్‌లో దూర్చి, ఊది, ‘100 మైక్రోగ్రాముల మోతాదుకు ఇంత ప్రతిస్పందన’ అని రాస్తారు. ఆ 100 మైక్రోగ్రాములు కాగితం మీదివి. స్పర్శశృంగాన్ని చేరినవి ఎన్నో ఆ సంఖ్య చెప్పదు. సిస్-3-హెక్సెనోల్‌లో ఆరు కార్బన్లు, లినలూల్‌లో పది, కారియోఫిల్లీన్‌లో పదిహేను ఉన్నాయి. ఆ వరుసలోనే వాటి బాష్పపీడనం, అంటే ఆవిరిగా గాలిలోకి లేచే గుణం, పడిపోతుంది, మొదటిదానికీ చివరిదానికీ గది ఉష్ణోగ్రతలో పదుల రెట్ల తేడా ఉంటుంది. కాబట్టి కాగితం మీద సమానంగా వేసిన మాత్రాన కారియోఫిల్లీన్‌కు వంపు చిన్నదిగా వచ్చినప్పుడు ‘శలభానికి కారియోఫిల్లీన్ అంటే పట్టదు’ అనడం, గాలిలోకి లేవని వాసనను ముక్కు పసిగట్టలేదని నిందించడమే అవుతుంది. ఇలా నీటుగా పచ్చి వాసనలు ముందు, బరువైన టెర్పీన్లు వెనుక వచ్చే పట్టికలు చూసినప్పుడల్లా, అది శలభం ఇష్టాయిష్టాల వరుసా లేక బాష్పపీడనాల వరుసా అని నిన్ను నీవు ప్రశ్నించుకో.

దీనికి మార్గాలున్నాయి. అన్నిటికంటే మంచిది, ఊదిన గాలిని శోషక పదార్థంలో పట్టి క్రొమటోగ్రాఫ్‌లో కొలిచి, గాలిలో నిజంగా ఎంత పోయిందో ప్రతి సమ్మేళనానికీ ఒక లెక్క కట్టుకోవడం. అది కుదరకపోతే బాష్పపీడనాన్ని బట్టి కాగితం మీది మోతాదును సవరించుకోవచ్చు. అదీ చేయకపోతే కనీసం, ఒక సమ్మేళనాన్ని మరొక సమ్మేళనంతో పోల్చకుండా, ఒకే సమ్మేళనపు వేరువేరు మోతాదులనూ, ఒకే సమ్మేళనానికి వేరువేరు శలభాల ప్రతిస్పందననూ పోల్చడానికే నీ నిర్ధారణలను పరిమితం చేసుకో.

ద్రావకం ఎంపిక కూడా ఇందులో భాగమే. హెక్సేన్ వాడితే దాన్ని ఆరనిచ్చి గానీ కాగితాన్ని పిపెట్‌లో పెట్టరు. అయితే హెక్సేన్ ఆరే ఆ కొద్ది సెకన్లలో తేలికైన హెక్సెనోల్ కూడా కొంత ఎగిరిపోతుంది, బరువైనవి కాగితాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. పైగా ఊదిన ప్రతిసారీ సరుకు తరుగుతూ ఉంటుంది కాబట్టి అయిదో ఊదు మొదటి ఊదుతో సమానం కాదు. పారాఫిన్ నూనెలో కలిపితే వాసన నెమ్మదిగా, మరింత నిలకడగా విడుదలవుతుంది. మొక్కల వాసనలకు నా ఓటు పారాఫిన్ నూనెకే. ఏది వాడినా ఒక్కో కాగితాన్ని ఎన్నిసార్లు ఊదాలో ముందే నిర్ణయించుకుని, ఆ తరువాత కొత్తది పెట్టు.

మోతాదులను పది రెట్ల చొప్పున పెంచుకుంటూ, తక్కువ నుంచి ఎక్కువకు మాత్రమే వెళ్లు. ఎక్కువ మోతాదుతో మొదలుపెడితే గ్రాహకాలు అలసి, ఆ తరువాతి ప్రతిస్పందనలన్నీ కుంగిపోతాయి. సమ్మేళనాల వరుసను మాత్రం ఒక్కో స్పర్శశృంగానికి మార్చిమార్చి పెట్టు. రెండు ఊదుల మధ్య అర నిమిషం నుంచి నిమిషం దాకా విరామం ఆనవాయితీ కానీ, గడియారం కంటే గీతను చూడు. ఆధారగీత పూర్తిగా తన చోటికి తిరిగి రాకముందు మరోసారి ఊదవద్దు. వంపు ఎంత లోతుగా పోయిందన్నదే కాక ఎంత సేపటికి కోలుకుందన్నది కూడా రాసుకో. ఒకే లోతున్న రెండు వంపుల్లో ఒకటి చటుక్కున లేచి, మరొకటి ఈడ్చుకుంటూ లేస్తే, ఆ తేడాలో సమాచారం ఉంది.

స్పర్శశృంగం క్షీణతను సరిచేయడానికి సిస్-3-హెక్సెనోల్ వంటి ఒక ప్రామాణికాన్ని మొదట, నడుమ నడుమ, చివర ఊది, మిగిలినవాటిని దానితో పోల్చి శాతాల్లో చెప్పడం అలవాటు. అందులో ఒక గోతి ఉంది. మగ, ఆడ శలభాలనో, కన్నె శలభాలను జతకట్టినవాటితోనో పోల్చేటప్పుడు, ఆ ప్రామాణికానికే రెండు వర్గాల ప్రతిస్పందన వేరుగా ఉండవచ్చు. అప్పుడు శాతాల్లో కనిపించే తేడా నీవు పరీక్షించిన సమ్మేళనం వల్ల పుట్టింది కాకపోవచ్చు, హారం మారడం వల్ల పుట్టి ఉండవచ్చు. అందుచేత ద్రావకాన్ని మాత్రమే ఊదినప్పటి వంపును తీసివేసిన అసలు మిల్లీవోల్టులను కూడా ఎప్పుడూ పక్కనే ఇవ్వు. ఇంకొకటి: ఒకే శలభపు రెండు స్పర్శశృంగాలు గణాంకాల దృష్టిలో రెండు శలభాలు కావు.

శలభం ఎలాంటిదన్నది కూడా రాయాలి. ఆడదా మగదా, ఎన్ని రోజుల వయసు, జతకట్టిందా, ఆకలిగా ఉందా, రాత్రి ఏ వేళ నమోదు చేశావు, ఇవన్నీ ప్రతి పుటలో ఉండాలి. ఆడ స్పర్శశృంగం మగదాని కంటే మొద్దు అనే అభిప్రాయం ఇప్పటికీ కొందరికి ఉంది. అది ఆకర్షక పదార్థాలను మాత్రమే దృష్టిలో పెట్టుకుని ఏర్పడిన అభిప్రాయం. మగ పట్టు శలభంలో బాంబికోల్‌ను పట్టే పొడవైన రోమాలున్న చోటే ఆడ పట్టు శలభంలో లినలూల్‌కు, బెంజోయిక్ ఆమ్లానికి స్పందించే కణాలున్నాయి.

వాసనల పట్టికను నీవే ఊహించి తయారుచేసుకునే దశ దాటాక, మొక్కనే అడుగు. నలగని మొక్క చుట్టూ శుద్ధమైన గాలిని పంపి, శోషక గొట్టంలో వాసనను పట్టి, దాన్ని క్రొమటోగ్రాఫ్‌కు ఎక్కించి, గొట్టం చివర నుంచి వచ్చేదాన్ని రెండుగా చీల్చి, ఒక పాయను యంత్రపు డిటెక్టర్‌కు, మరొక పాయను స్పర్శశృంగానికి పంపినప్పుడు, రెండు గీతలు ఒకదాని కింద ఒకటి సమాంతరంగా నడుస్తాయి. డిటెక్టర్ గీతలో కొండంత శిఖరం లేచిన చోట స్పర్శశృంగపు గీత చలనం లేకుండా పోవడం, డిటెక్టర్‌లో కంటికి ఆనని బొడిపె దగ్గర స్పర్శశృంగం లోతుగా వంగడం నీవు చూస్తావు. మొక్క ఎక్కువగా విడిచేదానికీ శలభం పట్టించుకునేదానికీ సంబంధం అంతంతమాత్రమే. ఆ రెండో పాయ వెళ్లే గొట్టం వేడిగా లేకపోతే బరువైన టెర్పీన్లు దారిలోనే అంటుకుపోయి, నీకు అందకుండా పోతాయి. ఆకును తెంపి వాసన పట్టవద్దు. తెంపిన కొద్ది సెకన్లలోనే పచ్చి వాసనలు ఎగజిమ్మి తక్కినవాటిని కప్పేస్తాయి. శలభం తిరిగేది రాత్రి కాబట్టి రాత్రి వాసనను కూడా తప్పక పట్టు. పురుగు తిన్న పొగాకు మొక్కలు రాత్రిపూట మాత్రమే విడిచే కొన్ని పదార్థాలు, గుడ్లు పెట్టడానికి వచ్చే ఆడ శలభాలను తరిమివేస్తాయని 2001లో వెల్లడైంది. పగటి వాసనతోనే సరిపెట్టుకుని ఉంటే అది బయటపడేది కాదు.

అదే సంవత్సరం వెలువడిన మరొక ఫలితాన్ని కూడా చదువు. ఆపిల్ కాయలను తొలిచే కాడ్లింగ్ శలభాన్ని పండిన పియర్ వాసనలోని ఒక ఎస్టర్ ఆకర్షిస్తుందని, ఆడవాటినీ మగవాటినీ కూడా అని, తోటల్లో బుట్టలు పెట్టి చూసినప్పుడు తేలింది. ఆకర్షణ అన్న మాట వాడే హక్కు అలాంటి పరీక్షతోనే వస్తుంది. తరిమే వాసనకూ రప్పించే వాసనకూ స్పర్శశృంగంలో వచ్చే వంపు ఒకేలా కిందికే ఉంటుంది. స్పోడోప్టెరా లిట్టొరాలిస్ అనే శలభంలో కన్నె ఆడవి పూల వాసన వైపు, జతకట్టినవి పత్తి ఆకుల వాసన వైపు మళ్లుతాయనీ, ఆ మార్పు మెదడులోని వాసన కేంద్రంలోనే కనిపిస్తుందనీ 2012లో చూపారు. అలాంటి మలుపులను స్పర్శశృంగం నుంచి మాత్రమే చదవాలని చూస్తే దొరకవు. అందుకని నీ ప్రణాళికలో, శలభం ఏ వాసన వైపు వెళ్తుందో చూసే గాలి సొరంగానికో వై-ఆకారపు గొట్టానికో ఇప్పుడే చోటు ఉంచు. స్పర్శశృంగం ఇచ్చిన జాబితాలోని సమ్మేళనాలను విడివిడిగానూ, మొక్క విడిచే పాళ్లలో కలిపి మిశ్రమంగానూ అందులో పరీక్షించు, ఎందుకంటే ఒంటరిగా ఏమీ చేయని సమ్మేళనం మిశ్రమంలో నుంచి తీసేస్తే ఆ మిశ్రమమే పనిచేయడం మానేసే సందర్భాలు ఈ రంగంలో కొత్త కావు.

ముందు ఖాళీ కాగితం, ద్రావకం, సిస్-3-హెక్సెనోల్ అయిదు మోతాదులు, ఈ మూడింటితోనే కొన్ని శలభాల మీద నమోదు చేసి, సవరించని అసలు గీతలను నాకు పంపు. సగటులూ శాతాలూ వద్దు. ప్రతి గీత పక్కన గది ఉష్ణోగ్రత, గాలి ప్రవాహం, శలభం వయసు, కాగితాన్ని అప్పటికి ఎన్నోసారి ఊదుతున్నావో రాసి ఉండాలి. మోతాదు పెరిగిన కొద్దీ వంపు క్రమంగా పెరిగి, పైన ఒక చోట ఆగినట్టు కనిపిస్తే, లినలూల్ సీసా తెరవవచ్చు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు